గుండె జబ్బు ఉన్నవారితో చిన్న విమాన ప్రయాణం: ఏది ఎంచుకోవాలి, ఎప్పుడు మానుకోవాలి

పైలట్ లైసెన్సు చేతికొచ్చిందని తెలియగానే ఇంట్లోవాళ్లు అడిగే మొదటి మాట, "మమ్మల్నెప్పుడు ఎక్కిస్తావు?" అడిగేవాళ్లలో స్టెంట్లు వేయించుకున్న మామయ్య ఉంటారు, పేస్‌మేకర్ పెట్టించుకున్న అత్తయ్య ఉంటుంది, నాలుగు మెట్లెక్కితే ఆయాసపడే నాయనమ్మ ఉంటుంది. సరేనంటే ఏమవుతుందోనని బెంగ. కుదరదంటే వాళ్ల మనసు చిన్నబోతుంది. నేనూ ఈ ఇరకాటంలో పడ్డవాణ్ణే.

ఎక్కించొచ్చా లేదా అని ఒక్క ముక్కలో అడిగితే దీనికి జవాబు దొరకదు. ఏ విమానం, ఎంత ఎత్తు, ఎంతసేపు, పక్కన ఎవరు అన్నవన్నీ కలిపి చూడాలి. ఒకే మనిషికి ఒక ప్రయాణం నిక్షేపంగా సరిపోవచ్చు, ఇంకోటి ప్రాణం మీదికి తేవచ్చు.

డాక్టర్ని అడిగే ప్రశ్న దగ్గరే చాలామంది పొరబడతారు. "విమానం ఎక్కొచ్చా అండీ?" అని అడిగితే డాక్టరు మనసులో మెదిలేది పెద్ద ప్యాసింజర్ విమానం. అందులో క్యాబిన్ (మనుషులు కూర్చునే భాగం) లోపలి గాలి ఒత్తిడిని నియంత్రిస్తారు, ప్రెజరైజ్డ్ క్యాబిన్ అంటే ఇదే; సిబ్బంది ఉంటారు, లేచి నడవడానికి చోటుంటుంది. మీరు ఎక్కబోయేది నాలుగు సీట్ల విమానమైతే ఇలా అడగండి: "ప్రెజరైజ్డ్ క్యాబిన్ లేని విమానంలో, 5,000 అడుగుల ఎత్తులో, గంటసేపు కూర్చోవాలి. బాత్రూమ్ ఉండదు. ఏదైనా అయితే కిందికి దిగి అంబులెన్సు చేరడానికి అరగంట పట్టొచ్చు. వెళ్లొచ్చా?" ఈ ప్రశ్నకు వచ్చే జవాబు మొదటిదానికి వచ్చే జవాబులా ఉండకపోవచ్చు.

## ముందుగా తూచాల్సినవి

గుండెకు తెలిసే ఎత్తు. ఎంత పైకి వెళ్లినా గాలిలో ఆక్సిజన్ వాటా 21 శాతమే. తగ్గేది గాలి ఒత్తిడి. దాంతో ఒక్కో ఊపిరికి అందే ఆక్సిజన్ తగ్గుతుంది. 5,000 అడుగుల దగ్గర ఊపిరి పీలిస్తే, సముద్రమట్టంలో 17 శాతం ఆక్సిజన్ ఉన్న గాలి పీల్చినట్టు. 8,000 దగ్గర అది సుమారు 15 శాతం, 10,000 దగ్గర 14 శాతం చిల్లర. ఆ లోటు పూడ్చడానికి గుండె ఇంకాస్త వేగంగా కొట్టుకోవాలి. నాళాలు సన్నబడ్డ గుండెకు అది అదనపు చాకిరీ, అదీ తక్కువ ఆక్సిజన్‌తో.

ఇక్కడ లెక్కపెట్టాల్సింది సముద్రమట్టం నుంచి ఎత్తు. నేల నుంచి 1,500 అడుగులే లేచినా, ఆ నేలే 6,000 అడుగుల ఎత్తున ఉంటే గుండెకు అది 7,500. దిగే చోటు ఎత్తునూ చూసుకోవాలి. బొలీవియాలోని ఎల్ ఆల్టో విమానాశ్రయం 4,000 మీటర్ల పైన ఉంది. అలాంటి చోట అసలు కష్టం విమానం దిగాక మొదలవుతుంది.

చట్టం చెప్పే ఎత్తులు చూసి ధైర్యపడకండి. అమెరికా నిబంధనల ప్రకారం క్యాబిన్ ఎత్తు (విమానం లోపలి గాలి ఒత్తిడి ఏ ఎత్తులోని గాలికి సమానమో అది) 15,000 అడుగులు దాటితేనే ప్రయాణికులకు ఆక్సిజన్ సమకూర్చాలి. పైలట్‌కైతే 12,500 దాటి అరగంట గడిచాక తప్పనిసరి. ఇవి ఆరోగ్యంగా ఉన్నవాళ్లను దృష్టిలో పెట్టుకుని రాసినవి. గుండె జబ్బున్న మనిషికి ఈ అంకెలు ఏ మాత్రం భరోసా కావు.

సాయం అందడానికి పట్టే సమయం. గుండె ఆగిపోతే, ఛాతీ నొక్కడం, షాక్ ఇవ్వడం జరగని ప్రతి నిమిషానికీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గుతుంది. నాలుగు సీట్ల విమానంలో మనిషిని పడుకోబెట్టే చోటే ఉండదు. కూర్చున్న మనిషికి సీపీఆర్ (గుండె ఆగినప్పుడు ఛాతీ నొక్కడం) చెయ్యలేం. కాబట్టి ఆ పని నేల మీదే జరగాలి. చెవులు నొప్పి పుట్టకుండా నిమిషానికి 500 అడుగుల చొప్పున దిగితే 8,000 అడుగుల నుంచి పావుగంట పైనే పడుతుంది, 3,000 నుంచి ఆరు నిమిషాలు. అత్యవసరమైతే ఇంకా వేగంగా దిగొచ్చు గానీ, తక్కువ ఎత్తులో వెళ్తే ఆక్సిజన్‌తో పాటు ఈ సమయం కూడా కలిసొస్తుంది.

ఎక్కడం, దిగడం. దీన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. కానీ నాకు కళ్లు తెరిపించింది ఇదే, కింద వివరంగా చెబుతాను.

పొగ. ఒకే ఇంజను ఉన్న చాలా చిన్న విమానాల్లో హీటర్ వేడి ఎగ్జాస్ట్ గొట్టం చుట్టూ తిరిగి వచ్చే గాలి నుంచి వస్తుంది. ఆ గొట్టానికి చీలిక పడితే కార్బన్ మోనాక్సైడ్ అనే కంటికి కనబడని, వాసన లేని విషవాయువు క్యాబిన్‌లోకి చేరుతుంది. అది రక్తంలోని హిమోగ్లోబిన్‌కు ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా అంటుకుంటుంది. ఆరోగ్యవంతులకు తలనొప్పి కూడా రానంత మోతాదుకే ఆంజైనా (గుండెకు రక్తం చాలక ఛాతీ నొప్పి వచ్చే జబ్బు) ఉన్నవాళ్లకు ఛాతీ నొప్పి త్వరగా మొదలవుతుంది. వేలికి తొడిగే ఆక్సిమీటర్ దీన్ని పట్టుకోలేదు. కార్బన్ మోనాక్సైడ్ అంటుకున్న హిమోగ్లోబిన్‌ను కూడా అది ఆక్సిజన్ లెక్కలోనే వేసుకుని 97, 98 అని చూపిస్తుంది. అందుకే శబ్దం చేసి హెచ్చరించే డిటెక్టర్ లేని విమానంలో, హీటర్ వాడాల్సిన చలి రోజుల్లో, గుండె జబ్బున్నవారిని నేను ఎక్కించను.

## ఎంపికలు ఒక చూపులో

| ఎంపిక | గుండెకు తెలిసే ఎత్తు | సాయం | ఎవరికి నప్పుతుంది |
|---|---|---|---|
| నాలుగు సీట్ల విమానం, తక్కువ ఎత్తు | ఎగిరే ఎత్తే, 3,000–5,000 అడుగులు | దగ్గర్లో రన్‌వే ఉంటే నిమిషాల్లో దిగొచ్చు | జబ్బు అదుపులో ఉండి, మెట్లెక్కగలిగేవారు |
| అదే విమానం, ఆక్సిజన్‌తో ఎక్కువ ఎత్తు | ఆక్సిజన్ అందినంతసేపు తక్కువ | దిగడానికి ఎక్కువసేపు | కొండలు దాటక తప్పనివారు |
| ప్రెజరైజ్డ్ చిన్న విమానం | పైలట్ ఎంచుకున్న ఎత్తును బట్టి | లోపల కాస్త చోటు, వేగం ఎక్కువ | దూర ప్రయాణం, ఓ మోస్తరు జబ్బు |
| హెలికాప్టర్ | కొండల్లో తప్ప చాలా తక్కువ | త్వరగా దిగొచ్చు, కుదుపు ఎక్కువ | కొద్ది నిమిషాల ప్రయాణం |
| పెద్ద ప్యాసింజర్ విమానం | 6,000–8,000 అడుగులు | సిబ్బంది, చాలావాటిలో షాక్ పరికరం | సరదా కోసం కాక గమ్యం కోసం వెళ్లేవారు |

## నాలుగు సీట్ల విమానం

ఎక్కువమందికి అందుబాటులో ఉండేది ఇదే కాబట్టి దీని గురించే ఎక్కువ చెబుతాను. సెస్నా 172, పైపర్ చెరోకీ, డైమండ్ డీఏ40 లాంటివి. ఎత్తు లెక్క ప్రకారం చూస్తే, 3,000 అడుగుల్లో గంటసేపు ఎగిరే సెస్నాలో గుండె మీద పడే భారం 8,000 అడుగుల క్యాబిన్ ఎత్తున్న పెద్ద విమానంలో కంటే తక్కువ. ఇది చాలామందికి తెలియదు. చిన్నది కాబట్టి ప్రమాదం, పెద్దది కాబట్టి క్షేమం అనుకుంటారు.

ఇబ్బంది మిగతా విషయాల్లో ఉంది. మా పెదనాన్నకు రెండు స్టెంట్లు, ఎడమ ఛాతీలో పేస్‌మేకర్. డాక్టరు సరేనన్నారు. మొదటిసారి తీసుకెళ్లింది రెక్కలు కిందుండే విమానం దగ్గరికి. దానికి ఒకటే తలుపు, కుడివైపు రెక్క పైన. వెనకనున్న మెట్టు మీద కాలుపెట్టి, పిడి పట్టుకుని రెక్క మీదికి లేవాలి, రెండడుగులు నడిచి, వంగి, లోపలికి జారాలి. ఆయన పిడి పట్టుకుని లేచారు. రెక్క మీద నిలబడి, నా భుజం మీద చెయ్యేసి, ఏదో దూరంగా చూస్తున్నట్టు ఆగిపోయారు. చూస్తున్నదేమీ లేదు, ఊపిరి తీసుకుంటున్నారు. "పెదనాన్నా, ఇవాళ వద్దు" అన్నాను. "ఏం పర్లేదురా, కానియ్" అన్నారు. ఆ "పర్లేదు"ను నమ్మి ఉంటే ఏమయ్యేదో నాకు తెలీదు. దించి ఇంటికి తీసుకెళ్లాను. ఆ వారం డాక్టరు మందులు మార్చారు. నెల తర్వాత రెక్కలు పైనుండే విమానంలో, రెండువైపులా తలుపులున్నదాంట్లో, హాయిగా తిప్పి తీసుకొచ్చాను.

అప్పటినుంచి నాకొక పద్ధతి ఏర్పడింది. విమానం దగ్గరికి వెళ్లకముందే 50 మీటర్లు నడవడం, ఒక అంతస్తు మెట్లెక్కడం. ఆయాసం, నొప్పి లేకుండా చేయగలిగితేనే ముందుకు. ప్యాసింజర్ విమానాల విషయంలోనూ డాక్టర్లు వాడే మోటు కొలత ఇది. నడుస్తూ మాట్లాడించండి. మాట మధ్యలో ఊపిరి కోసం ఆగుతున్నారా లేదా అన్నది "పర్లేదు" కంటే నిజం చెబుతుంది.

విమానాల మధ్య తేడా ఇక్కడ బాగా తెలుస్తుంది. సెస్నా 172లో తలుపు నేలకు దగ్గర, కానీ వెనక సీట్లోకి ముందు సీటు పక్కనుంచి దూరాలి. చెరోకీలో రెక్క ఎక్కక తప్పదు. డీఏ40లో రెక్క ఎక్కాలి గానీ వెనక సీట్లకు విడిగా తలుపుంది. మోకాళ్లు, ఆయాసం రెండూ ఉన్నవాళ్లకైతే నేను సెస్నానే ఎంచుతాను.

ఎక్కడ కూర్చోబెట్టాలి? ముందు సీట్లో దృశ్యం బాగుంటుంది, అందరికీ అదే కావాలి. కానీ స్పృహ తప్పిన మనిషి ముందుకు వాలితే కంట్రోల్ యోక్ (విమానాన్ని నడిపే స్టీరింగ్ లాంటిది) మీద పడతారు. అప్పుడు ఒకరి జబ్బు అందరి ప్రమాదం అవుతుంది. వెనక సీట్లో, పక్కన ఆయన మందులు తెలిసిన మనిషితో కూర్చోబెట్టండి. పైలట్ ఒక్కడే, రోగి ఒక్కరే అయితే ఆ ప్రయాణం పెట్టుకోకండి. పైలట్ రెండు చేతులూ ఒకేసారి రెండు చోట్ల ఉండలేవు.

ఉదయం పూటే వెళ్లండి. ఎండ ఎక్కేకొద్దీ నేల వేడెక్కి గాలి కుదుపులు పెరుగుతాయి. మలుపులు కూడా మెల్లగా తిప్పాలి. 30 డిగ్రీల వాలులో శరీరం బరువు 1.15 రెట్లే అవుతుంది, 60 డిగ్రీలకు రెండింతలు. మొదటిసారి ఎక్కినవాళ్ల గుండె భయంతోనే సగం పరుగెడుతుంటుంది, దానికి మీ విన్యాసాలు తోడవకూడదు.

## అదే విమానం, ఆక్సిజన్ సిలిండర్‌తో

దారిలో కొండలుంటే తక్కువ ఎత్తులో వెళ్లడం కుదరదు. అప్పుడు ముక్కు గొట్టంతో ఆక్సిజన్ పెట్టుకుని 8,000, 9,000 అడుగుల్లో వెళ్లడం ఒక దారి. ఆక్సిజన్ శాతం వరకు ఇది బాగానే పనిచేస్తుంది. అయితే సిలిండర్ అయిపోయినా, గొట్టం మడతపడినా మీరింకా అంత ఎత్తులోనే ఉంటారు, కింద కొండలుంటాయి. ఇంట్లో వాడే ఆక్సిజన్ కాన్సంట్రేటర్ తెస్తామంటారు కొందరు. పైకి వెళ్లేకొద్దీ వాటి సత్తువ తగ్గుతుంది, ఏ ఎత్తు దాకా పనిచేస్తుందో దాని పుస్తకంలో చూసుకోవాలి, బ్యాటరీ రెండింతల సమయానికి ఉండాలి. ఆక్సిజన్ వాడుతున్నప్పుడు పెదాలకు వాజిలిన్ లాంటివి రాయకూడదు, మంట అంటుకునే ప్రమాదం ఉంది.

వేలి ఆక్సిమీటర్ ఇక్కడ పనికొస్తుంది. చలికి వేళ్లు చల్లబడినా, గోళ్లకు రంగున్నా తప్పు చూపిస్తుందని గుర్తుంచుకోండి. 90 కంటే దిగితే నేను ఎత్తు దిగుతాను. దిగలేని దారైతే ఆ దారిలో వాళ్లను తీసుకెళ్లను. కొండ చుట్టూ తిరిగి వెళ్లే దారి అరగంట ఎక్కువైనా నా ఓటు దానికే.

## ప్రెజరైజ్డ్ చిన్న విమానాలు

పిలాటస్ పీసీ-12, కింగ్ ఎయిర్ లాంటివి. అద్దెకు తీసుకునేటప్పుడు "ప్రెజరైజ్డే కదా, ఇంకేం" అని ఊరుకోకండి. లోపలి ఒత్తిడికీ బయటి ఒత్తిడికీ మధ్య ప్రతి విమానానికీ ఒక గరిష్ఠ తేడా ఉంటుంది. పీసీ-12లో అది చదరపు అంగుళానికి 5.75 పౌండ్లు. ఆ లెక్కన 30,000 అడుగుల్లో ఎగిరితే క్యాబిన్ ఎత్తు 10,000 అడుగులు, అంటే పెద్ద ప్యాసింజర్ విమానం కంటే అన్యాయం. అదే విమానం 20,000 అడుగుల్లో వెళ్తే క్యాబిన్ 4,500 అడుగులకు దగ్గర. 13,000 అడుగుల్లోనైతే దాదాపు సముద్రమట్టమే. తక్కువ ఎత్తులో ఇంధనం ఎక్కువ ఖర్చవుతుంది, వాతావరణాన్ని తప్పించుకోవడం కష్టమవుతుంది. అందుకే అడక్కపోతే పైలట్ పైకే వెళ్తాడు. "క్యాబిన్ 5,000 అడుగులు దాటకుండా తీసుకెళ్లగలరా?" అని బుక్ చేసేటప్పుడే అడగండి.

ఒత్తిడి ఉన్నట్టుండి పోతే? 25,000 అడుగుల్లో ఆక్సిజన్ లేకుండా ఆరోగ్యవంతుడికే మూడు నుంచి ఐదు నిమిషాల తెలివి ఉంటుంది, ఒత్తిడి ఒక్కసారిగా పోతే దాదాపు అందులో సగమే. మాస్కు పెట్టుకోవడం ఎక్కే ముందే చేయించి చూడాలి. దూరం ఎక్కువైతే, గుండె బలం కొంత తగ్గినవారికి చిన్న విమానాల్లో నేను చెప్పేది ఇదే.

## హెలికాప్టర్, పెద్ద విమానం

హెలికాప్టర్ మామూలుగా తక్కువ ఎత్తులోనే వెళ్తుంది కాబట్టి, ఎత్తైన కొండల్లో తప్ప, ఆక్సిజన్ బాధ లేదు. కానీ అదురు ఎక్కువ. కదలికను బట్టి వేగం పెంచే రకం పేస్‌మేకర్లు కొన్ని ఆ అదురును నడకగా భ్రమపడి గుండెను తొందరపెట్టే అవకాశం ఉంది. మీది ఏ రకమో డాక్టర్ని అడిగి ఎక్కండి.

పెద్ద విమానంలో మామూలుగా క్యాబిన్ 8,000 అడుగులు దాటదు, బోయింగ్ 787లో 6,000. వైద్యపరంగా సందేహం ఉన్నవారు గమ్యం చేరడమే పనైతే దీన్నే ఎంచుకోవాలి. రోగులను ఉచితంగా తీసుకెళ్లే ఏంజెల్ ఫ్లైట్ లాంటి స్వచ్ఛంద పైలట్ల సంస్థలు కూడా తమంతట తాము విమానం ఎక్కగలిగి, పరిస్థితి నిలకడగా ఉండి, డాక్టరు సంతకం చేసినవారినే తీసుకెళ్తాయి. అంతకు మించిన జబ్బుకు ఎయిర్ అంబులెన్సే.

## ఎవరికి ఏది

ఈ మధ్యే గుండెపోటు, ఆపరేషన్ అయినవారు. బ్రిటిష్ కార్డియోవాస్కులర్ సొసైటీ 2010లో ఇచ్చిన సలహా ప్రకారం, ప్రమాదం తక్కువగా ఉన్న గుండెపోటు తర్వాత మూడు రోజులకు, మధ్యస్థంగా ఉంటే పది రోజులకు, ఇబ్బందుల్లేని బైపాస్ తర్వాత పది రోజులకు, స్టెంటు లేదా పేస్‌మేకర్ తర్వాత రెండు రోజులకు విమానం ఎక్కొచ్చు. ఇవి ప్యాసింజర్ విమానాల లెక్కలు, కనీస గడువులు. సరదా తిరుగుడుకు నేనైతే నెలల్లోనే లెక్కపెడతాను. తొందరేముంది? ఛాతీ తెరిచిన ఆపరేషన్ తర్వాత లోపల గాలి చిక్కుకుని ఉంటే, 8,000 అడుగుల్లో అది మూడో వంతు ఉబ్బుతుంది.

పేస్‌మేకర్, ఐసీడీ (గుండె లయ ప్రమాదకరంగా తప్పితే షాక్ ఇచ్చే, ఛాతీలో అమర్చే పరికరం) ఉన్నవారు. చిన్న విమానంలో వీరికి ప్రత్యేకమైన జాగ్రత్త హెడ్‌సెట్. దాని స్పీకర్లలో అయస్కాంతాలుంటాయి. తలకు పెట్టుకుంటే ఏం కాదు. కానీ ఆ రెండోసారి ప్రయాణంలో, ల్యాండ్ అయ్యాక మా పెదనాన్న హెడ్‌సెట్ తీసి మెడకు వేలాడేసుకున్నారు. రెండు చెవి గిన్నెలూ సరిగ్గా ఎడమ ఛాతీ మీద. పేస్‌మేకర్‌కు అయస్కాంతం దగ్గరైతే అది గుండెను గమనించకుండా స్థిర వేగంతో కొట్టడం మొదలెడుతుంది, ఐసీడీ అయితే అవసరమైన షాక్‌నే ఇవ్వకపోవచ్చు. దూరం జరిపితే మామూలవుతుంది. 15 సెంటీమీటర్ల దూరం నియమం పెట్టుకుని, తీసిన హెడ్‌సెట్‌ను పైలట్ చేతికే ఇవ్వమనండి. పరికరం ఎడమవైపుంటే వెనక కుడివైపు సీటు ఇవ్వండి. భుజం బెల్టు తలుపు వైపు నుంచి వస్తుంది కాబట్టి దాని మీద ఒరుసుకోదు.

గుండె బలహీనత, నీరు చేరేవారు. విమానంలో బాత్రూమ్ ఉండదని పొద్దున నీటి మాత్ర మానేసి వస్తారు, అడిగితేనే బయటపడుతుంది. తప్పకుండా అడగండి. మాత్ర వేళ మార్చుకోవడం డాక్టరుతో మాట్లాడి చెయ్యాలి, ప్రయాణాన్ని గంటలోపు ముగించాలి. పడుకుంటే ఆయాసం వచ్చే దశలో ఉంటే చిన్న విమానం వద్దు.

రక్తం పలచబడే మందు వాడేవారు. కుదుపుకు తల పైకప్పుకు తగిలితే వీరికి చిన్న దెబ్బ కాదు. బెల్టు బిగువుగా ఉండాలి.

ఊపిరితిత్తుల నాళాల్లో రక్తపోటు, పెదాలు నీలంగా మారే పుట్టుకతో వచ్చిన జబ్బులు, స్పృహ తప్పేంతగా ఇరుకైన గుండె కవాటం, కూర్చుని ఉన్నా వచ్చే ఛాతీ నొప్పి. వీరికి ప్రెజరైజ్డ్ క్యాబిన్ లేని విమానం వద్దు. ఆక్సిజన్ తగ్గితే ఊపిరితిత్తుల నాళాలు ఇంకా బిగుసుకుంటాయి, కుడి గుండె మీద భారం పెరుగుతుంది. నేల మీదే ఆగి ఉన్న విమానంలో కూర్చోబెట్టి, ఫొటోలు తీసి, డయల్స్ అన్నీ చూపించండి. ఆ ఆనందం కూడా తక్కువది కాదు.

## లేవక ముందు, లేచాక

మొహమాటం ఈ ప్రయాణాల్లో పెద్ద శత్రువు. పైలట్ విమానం సిద్ధం చేశాడు, అందరూ వచ్చారు, నా ఒక్కదాని కోసం ఎందుకు ఆపాలి అనుకుని నొప్పిని మింగేస్తారు. అందుకే నేను ముందురోజే చెప్పేస్తాను: "పొద్దున లేచాక వద్దనిపిస్తే ఒక్క ముక్క చాలు, కారణం కూడా చెప్పక్కర్లేదు." గాలిలో చెప్పడానికి సిగ్గుపడతారని చేతి సైగ కూడా ఒప్పుకుంటాం: రెండుసార్లు నా భుజం తడితే దించెయ్యాలని.

నాలుక కింద పెట్టుకునే మాత్ర జేబులో ఉండాలి, సామాన్ల గదిలో కాదు. దారి పొడవునా పావుగంటలో చేరగల రన్‌వేలు గుర్తుపెట్టుకోండి. గంటకు 220 కిలోమీటర్ల వేగానికి అది 55 కిలోమీటర్లు. వాటిలో అంబులెన్సు త్వరగా చేరగలది ఏదో ముందే చూసుకోండి. రన్‌వే దగ్గరగా ఉండి ఆసుపత్రి దూరమైతే ఉపయోగం లేదు.

నొప్పి మొదలైతే ముందు ఎత్తు దిగడం, హీటర్ ఆపి తాజా గాలి తెరవడం, ఆక్సిజన్ ఉంటే పెట్టడం. పక్కనున్నవారు మాత్ర ఇస్తారు. డాక్టరు ముందే చెప్పి ఉంటే ఆస్పిరిన్ నమిలిస్తారు. మీరు రేడియోలో మేడే (ప్రాణాపాయం అని తెలిపే పిలుపు) చెప్పి, ట్రాన్స్‌పాండర్‌లో (రాడార్‌కు విమానాన్ని గుర్తుపట్టించే పరికరం) అత్యవసర సంకేతం 7700 పెట్టి, "గుండె రోగి, అంబులెన్సు కావాలి" అని స్పష్టంగా అడగండి. కంట్రోలర్ ఆ పని చేస్తుంటే మీరు విమానం నడపండి. ఈలోపు మాత్ర పనిచేసి, వెనక సీట్లోంచి "తగ్గిపోయిందిరా, పోనియ్" అన్న మాట వినిపించొచ్చు. అయినా సరే, దగ్గరున్న రన్‌వే మీదే దిగండి.